రెండు గీతల మధ్య చుక్క

ఫిబ్రవరి 19

కోడలుపిల్లకి,

నీ కిందటి ఉత్తరానికి పదికి ఆరున్నర. విషయం ఉంది, వరస లేదు. హాస్టల్లో నీళ్ళు రావడం లేదని మొదలుపెట్టి, మీ అమ్మ మోకాలి నొప్పి మీదుగా వెళ్ళి, ఎవరో లెక్చరర్ గారి జుట్టు రంగు దగ్గర తేలావు. అర మార్కు దస్తూరికి వేశాను. "ఉత్తరాలకి మార్కులేమిటండీ, ఆ పిల్ల మీకు రాయడం మానేస్తుంది" అని మీ అత్తయ్య సాధిస్తోంది. నువ్వు ఏడో క్లాసులో ఉన్నప్పటి నుంచీ వేస్తున్నాను, ఇంతవరకూ మానలేదుగా.

పరీక్షలకి నెల కూడా లేదు కాబట్టి పాత పాఠమే మళ్ళీ చెబుతున్నాను, విసుక్కోకు. ఎడమవైపు రెండు వేళ్ళ ఖాళీ. ప్రతి అంశం ముందు ఒక చిన్న గడి. సమీకరణం విడిగా, పేజీ మధ్యలో. చివరి ఫలితం చుట్టూ జంట గీతల డబ్బా. జవాబు అయిపోయిందని తెలిసేలా కింద రెండు అడ్డగీతలు, వాటి మధ్య ఒక చుక్క. ఆ చుక్క మనింటి సొత్తు. నేను మొదలుపెట్టాను, మీ అమ్మకి నేర్పాను, నీకు నేర్పాను.

పేపర్లు దిద్దేవాడూ మనిషే. పూటకి ముప్ఫై పేపర్లు. ముప్ఫయ్యోది చేతికి వచ్చేసరికి కళ్ళు మండుతుంటాయి, నడుం పట్టేసి ఉంటుంది, పక్కాయన అప్పటికే సంచీ సర్దుకుంటూ ఉంటాడు. నీకు ఏం తెలుసో తవ్వి తీసే ఓపిక అప్పుడు ఎవడికీ ఉండదు. ఇరవయ్యారేళ్ళుగా దిద్దుతున్నాను, నాకూ ఉండదు. అందుకని కనపడేలా పెట్టు.

ఇంకో మాట. నువ్వు చదివేది యూనివర్సిటీలో, నేను కెమిస్ట్రీ చెప్పేది దాని కిందే ఉన్న కాలేజీలో. నీ పేపరు నా టేబులు మీదికి రాదని చెప్పలేం. వచ్చినా నా దగ్గర చుట్టరికాలు చెల్లవు. మీ అమ్మ నా క్లాసులో కూర్చున్నప్పుడు కెమిస్ట్రీలో తొమ్మిది వేస్తే మూడు రోజులు నాతో మాట్లాడలేదు. కావాలంటే అడుగు.

ఒళ్ళు జాగ్రత్త, రాత జాగ్రత్త.

మామయ్య


మార్చి 27

మామయ్యా,

ఇవాళ్టితో పరీక్షలు అయిపోయాయి. ఈ ఉత్తరానికి వరస ఉంది, ముందే చెబుతున్నాను, ఏడుకి తగ్గితే ఒప్పుకోను. మొదట నా సంగతి: అన్నీ బాగా రాశాను. కెమిస్ట్రీ రెండో పేపర్లో చివరి ప్రశ్నకి కూడా పది నిమిషాలు మిగిలాయి. అమ్మని అడిగాను, మూడు రోజులు కాదట, వారమట.

ఇక రెండో సంగతి. నా గదిలో ఉండే అమ్మాయి గురించి మీకెప్పుడూ రాయలేదు. అందరం టైలరమ్మ అంటాం. వాళ్ళమ్మ బట్టలు కుడుతుంది, తనూ కుడుతుంది. మా రెండు మంచాల మధ్య తన మిషన్ ఉంటుంది, దాని మీదే మా పుస్తకాలూ, అద్దమూ, నా టీ గ్లాసూ. ల్యాబులో తనని చూడాలి మామయ్యా. బ్యూరెట్ ముందు నిలబడితే ఒక్క చుక్క కూడా ఎక్కువ పడదు. మేం మూడు సార్లు చేసి సగటు తీస్తే, తను ఒక్కసారి చేసి చేతులు కడుక్కుంటుంది. ల్యాబ్ మేడమ్ గారే పిలిచి మరీ చెప్పారు, అసిస్టెంటు ఉద్యోగం ఒకటి ఖాళీ అవుతోంది, అన్ని పేపర్లూ మొదటిసారే పాసైతే తనకే అని. తను ఇంట్లో పెద్దది. వాళ్ళమ్మకి చూపు తగ్గుతోంది, సూదిలో దారం ఎక్కించలేకపోతోందట.

కానీ పరీక్షలో తన రాత చూస్తే మీకు జ్వరం వస్తుంది. పేరాలు ఉండవు, గాలి ఆడదు. నోటితో చెప్పమంటే గడగడా చెప్పేది కాగితం మీద కలగాపులగం అయిపోతుంది. పోయిన ఏడాది రెండు పేపర్లు అంచు మీద గట్టెక్కాయి. అందుకని నెల రోజులు కూర్చోబెట్టి మీ పద్ధతి నేర్పాను. రెండు వేళ్ళ ఖాళీ, గడి, డబ్బా, ఆఖరికి చుక్కతో సహా. మీ అనుమతి అడగలేదు, కోప్పడకండి.

మొదట తనకి పట్టుబడలేదు. తర్వాత తనే ఒక ఉపాయం చెప్పింది: "నాకు చెప్పకే, నమూనా ఇయ్యి. చూసి దించేస్తాను." నా పాత జవాబులు ముందు పెట్టుకుని, కాలరు కొలత తీసినంత శ్రద్ధగా ముప్ఫై సార్లు రాసింది. ఇప్పుడు తన కాగితమూ నా కాగితమూ కలిసిపోతే విడదీయడం నాకే కష్టం. నా అక్షరాలు కూడా వచ్చేశాయి తనకి.

అత్తయ్యకి నమస్కారాలు. మార్కులు చెప్పండి.

మీ మేనకోడలు


ఏప్రిల్ 7
దిద్దుబాటు క్యాంపు నుంచి

కోడలుపిల్లకి,

గత నెల ఇరవయ్యారు నుంచీ ఇక్కడే ఉన్నాను. ఇంటి నుంచి ఒక్క ఉత్తరమూ చేరలేదు, మీ అత్తయ్యకి వాటిని ఇటు పంపాలని తోచదు. ఆటల హాల్లో పొడుగు బల్లలు వేశారు. పైన బాస్కెట్‌బాల్ వలలు, కింద మేము. కట్టకి ముప్ఫై పేపర్లు, పేర్లుండవు, నంబర్లుండవు, పై భాగం చింపేసి కోడ్ వేస్తారు. మొదట ఒకాయన దిద్దుతాడు, ఆయన మార్కులు మూసేసి రెండోసారి మాబోటి వాళ్ళకి ఇస్తారు. ఇద్దరి సగటే ఫలితం. ఇద్దరికీ పదిహేను మార్కుల కన్నా ఎక్కువ తేడా వస్తేనే మూడో మనిషి చూస్తాడు. వచ్చిన మొదటి రోజే ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, కొడుకూ కూతురూ భార్యా తోడబుట్టినవాళ్ళూ ఎవరూ ఈ పరీక్ష రాయడం లేదని. పెట్టాను. అందులో మేనకోడలు అన్న మాట లేదు.

ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానో చెప్పను, చెప్పకూడదు. ఒక్కటి అడుగుతాను. ఈ ఏడాది నువ్వు అసలు చదివావా?

పద్ధతి నేర్పింది పెట్టె చక్కగా సర్దుకుంటావని. ఖాళీ పెట్టెకి ఇత్తడి తాళం వేస్తావని కాదు. గడులు గీసి, డబ్బాలు కట్టి, లోపల సగం జవాబులు పైపైన రాస్తే ఎవణ్ణి మోసం చేద్దామని? ఆ ముస్తాబు చూసి మార్కులు రాల్చేవాళ్ళు ఉంటారేమో, నేను కాను. నా మనుషులైతే ఇంకో రెండు ఆకులు ఎక్కువ తిరగేసి తప్పులు వెతుకుతాను. నా నిద్ర నాకు పట్టాలంటే అదొక్కటే దారి.

ఎక్కడైనా తక్కువ వస్తే మామయ్యని తిట్టుకో, పడతాను. ఇంతకు మించి అడగకు.

మామయ్య


ఏప్రిల్ 13

మామయ్యా,

మీ ఉత్తరం మెస్సుకి వెళ్ళే ముందు విప్పాను, మెస్సుకి వెళ్ళలేదు. నేనేం చేశానని? చదివానా అని అడుగుతారా నన్ను? ఈ ఏడాది నేను చూసిన సినిమాలు రెండు. అవి కూడా అమ్మ వచ్చినప్పుడు.

నాకు తోచింది ఒకటే. నా మార్చి ఇరవయ్యేడు ఉత్తరం మీకు ఎలాగో చేరింది, నెల రోజులు టైలరమ్మకి పాఠాలు చెప్పి నా చదువు పాడుచేసుకున్నానని మీకు కోపం వచ్చింది. ఆ మాట సూటిగా అనొచ్చుగా. ఖాళీ పెట్టె, ఇత్తడి తాళం అని తనని ఎత్తిపొడవడం ఎందుకు? మీరు చూడని మనిషిని ముస్తాబు అనడం నాకు నచ్చలేదు. చాలా బాధేసింది, దాచుకోను.

తనకి చెప్పకూడదనుకున్నాను, మొహం చూసి పట్టేసింది. "నా మూలంగా మీ మామయ్యకి కోపమొచ్చిందిగా, నేనే రాసి క్షమాపణ అడుగుతా" అంటోంది. వద్దన్నాను. తను మీకు ఒక చొక్కా కుట్టి పంపుతుందట, కొలతలు అడుగుతోంది. ఏం చెప్పను?

మీ మేనకోడలు


ఏప్రిల్ 21

అమ్మాయికి,

క్యాంపు అయిపోయి ఇంటికి వచ్చాను. నీ రెండు ఉత్తరాలూ రేడియో కింద ఉన్నాయి. మీ అత్తయ్య దుమ్ము పడకుండా అక్కడ పెట్టిందట. రెండూ ఒకే పూట చదివాను.

నీ మీద నాకు కోపం లేదు. ఆ అమ్మాయి మీద అసలే లేదు. చొక్కా వద్దని చెప్పు.

ఆ అమ్మాయి కెమిస్ట్రీ రెండో పేపర్లో ఆరో ప్రశ్నకి బొమ్మ పేజీ కింద వేసిందా? వేసి, ఒక బాణం కొట్టేసి మళ్ళీ గీసిందా? చివరి ప్రశ్న రెండో భాగంతో ఆపేసిందా? ఊరికే అడుగుతున్నాను. గుర్తుంటేనే చెప్పమను.

అత్తయ్య బాగానే ఉంది. ఎండలు ముదిరాయి. త్వరగా జవాబు రాయి. రాయకపోయినా ఫర్వాలేదు.

మామయ్య


మే 10

మామయ్యా,

ఈసారి మీరు నా ఉత్తరాలకి మార్కులు వెయ్యలేదు. రెండింటికీ. కోపం లేదంటూనే అంత ముక్తసరిగా రాశారేమిటా అని చాలా రోజులు మథనపడి, ఇవాళ కానీ కలం పట్టలేదు.

మీరడిగినవన్నీ నిజమే. ఆరో ప్రశ్న బొమ్మ పేజీ కిందే వేసింది, బాణం కొట్టేసి మళ్ళీ గీసింది, చివరి ప్రశ్న రెండో భాగం దగ్గర గంట కొట్టేశారు. మీకెలా తెలుసు మామయ్యా? మీ ఉత్తరం చూసినప్పుడు మేం ఇద్దరం సంబరపడ్డాం. మామయ్య కనుక్కుంటున్నారు, లోపల ఏదో మాట వేస్తారు అనుకున్నాం. అలా అనుకోవడం తప్పే, మీ సంగతి నాకు తెలియదా. అయినా ఆశ కదా.

నిన్న ఫలితాలు అంటించారు. నాకు ఆ పేపర్లో డెబ్భై ఎనిమిది. టైలరమ్మకి ముప్ఫై తొమ్మిది. పాసవడానికి నలభై కావాలి.

మిగతావన్నీ పాసయింది. ల్యాబులో క్లాసు మొత్తానికి మొదట వచ్చింది. ఒక్క మార్కు మామయ్యా. పరీక్షల విభాగం కిటికీ దగ్గర రెండు గంటలు నిలబడి విడివిడి మార్కులు తెలుసుకున్నాం. మొదటాయన నలభై ఆరు వేశాడు, రెండో ఆయన ముప్ఫై రెండు. పధ్నాలుగే తేడా, కాబట్టి మూడో మనిషి చూడడట. ఇంకో రెండు మార్కులు తగ్గించి ఉంటే, పేపరు మూడో మనిషి చేతికి వెళ్ళేది, గట్టెక్కేది. రెండో ఆయన నిక్కచ్చిగా ఎక్కడ ఆపాలో అక్కడ ఆపాడు. పునఃపరిశీలనకి పెట్టుకుంటే అరవై రోజులు. ఉద్యోగం జాబితా ఇరవయ్యో తారీకున ముగిసిపోతుంది.

ఇప్పుడు నాకర్థమైంది. క్యాంపులో ఎవరో అన్యాయంగా దిద్దడం మీరు చూశారు. ఆ పేపరు మీ కంట పడింది, అందుకే ఆ ప్రశ్నలు అడిగారు. ఎవరు మామయ్యా ఆ మనిషి? మీ పక్క బల్ల ఆయనా? ఆయనకి మీరొక్క మాట చెప్పలేరా? నా కోసం ఎప్పుడూ ఏదీ అడగలేదు మిమ్మల్ని.

తను నిన్నటి నుంచి మిషన్ తొక్కుతూనే ఉంది. ఏం కుడుతున్నావే అంటే "పాత దుప్పట్లు" అంటుంది.

మీ మేనకోడలు


మే 16

అమ్మాయికి,

నేనే.

మూడో రోజు రెండో కట్టలో, పద్నాలుగో పేపరు. విప్పగానే రెండు వేళ్ళ ఖాళీ, గడి, డబ్బా, కింద రెండు గీతల మధ్య చుక్క. అక్షరాలు నీవి. కొంచెం వంకర పోయాయి, ఆదుర్దాలో రాశావనుకున్నాను. ఆ క్షణంలో చెయ్యాల్సింది ఒక్కటే. లేచి, ఆ పేపరు చీఫ్ ఎగ్జామినర్ టేబులు మీద పెట్టి, ఇది నా మేనకోడలిది కావచ్చు, వేరే వాళ్ళకి ఇవ్వండి అనాలి. పది అడుగుల దూరంలో కూర్చున్నాడాయన. నేను లేవలేదు. నేను సంతకం పెట్టిన కాగితంలో మేనకోడలు లేదుగా అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం అది కాదు. నన్ను నేను పరీక్షించుకోవాలనిపించింది. నా రక్తమే ఎదురుగా ఉన్నా నా చెయ్యి వణకదని చూసుకోవాలనిపించింది. అది నిజాయితీ అనుకున్నాను. ఇప్పుడు చూస్తే ఒట్టి గర్వం.

నా అలవాటు నీకు తెలుసు, ముందు పెన్సిలుతో వేసి, టీ తాగి వచ్చి, తర్వాత ఎర్ర సిరాతో వేస్తాను. పెన్సిలుతో వేసింది నలభై ఎనిమిది. అది న్యాయమైన అంకె. టీ తాగుతుండగా కోపం ముంచుకొచ్చింది. నా కోడలుపిల్ల నలభై ఎనిమిది రాసేదా, ఇన్నేళ్ళు నేర్పింది దీనికా అని. తిరిగి వచ్చి మొదటి నుంచీ తప్పులు వెతికాను. వెతికితే దొరకనిదేముంది? ఒక చోట అర, ఒక చోట ఒకటి. నీ మీద ఎంత ప్రేముంటే అంత కోశాను. ముప్ఫై రెండు దగ్గర ఆగాను, పెన్సిలు అంకె రబ్బరుతో చెరిపేశాను.

ఇంటికి వచ్చి నీ ఉత్తరాలు చదివిన రోజు బస్సెక్కి క్యాంపు గేటు దాకా వెళ్ళాను. వాచ్‌మన్ "ఏం కావాలి సార్" అన్నాడు. గొడుగు మర్చిపోయాననుకుని వచ్చాను, మర్చిపోలేదు అని చెప్పి వెనక్కి వచ్చేశాను. లోపలికి వెళితే ఇరవయ్యారేళ్ళ పేరు పోతుంది, ఇక పేపర్లు దిద్దనివ్వరు, విచారణ పేరుతో నీ ఫలితం కూడా ఆపేస్తారు. మొదటాయన యాభై వేసి ఉంటాడులే, మూడో మనిషి చూసి గట్టెక్కిస్తాడులే అని రోజూ లెక్కలు వేసుకున్నాను. మే తొమ్మిది దాకా అవే లెక్కలు.

ఈ ఉత్తరం సాక్ష్యంగా పనికొస్తుంది. తీసుకెళ్ళి పరీక్షల విభాగంలో ఇస్తావో, చింపేస్తావో నీ ఇష్టం. ఇస్తే నీ ఫలితం ఆగుతుంది. ఆలోచించుకో.

నేను అడిగే మొహం లేదు గానీ, ఆ అమ్మాయికి నా తరఫున

వద్దులే. ఏమీ చెప్పకు.

మామయ్య


మే 24

మామయ్యా,

మీ ఉత్తరం పంతొమ్మిదిన అందింది. ఆ రోజంతా పరుపు కింద పెట్టుకున్నాను. నేనేదో మంచిదాన్నని అనుకోకండి, చింపేద్దామని రెండు సార్లు చేతిలోకి తీసుకున్నాను. నీ ఇష్టం అని రాశారు. పేపరు మీరు దిద్దారు, అంకె మీరు చెరిపారు, గేటు దాకా వెళ్ళి వెనక్కి మీరు వచ్చారు. నిర్ణయం మాత్రం నేను చెయ్యాలా? మీ మీద ఇంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. కోపం కన్నా, ఆ చుక్క నేర్పింది నేనే కదా అన్నది ఎక్కువ కొరుకుతోంది.

ఇరవయ్యో తారీకు పొద్దున టైలరమ్మకి చూపించాను. ఇద్దరం కలిసి పరీక్షల విభాగానికి వెళ్ళాం. సెక్షన్ ఆఫీసరు గారు మీ ఉత్తరం చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, పేపరు తెప్పించారు. మనమంతా ఏమనుకుంటాం? అన్యాయం జరిగింది, సరిచేస్తారు అనుకుంటాం కదా. ఆయన పేజీలు తిప్పుతూ చుక్కలు లెక్కపెట్టారు. పదకొండు. "ఇది సంకేతం కాదని ఎలా నమ్మాలమ్మా? దిద్దేవాడు గుర్తుపట్టాడు కూడాగా" అన్నారు తనతో.

"మా ఫ్రెండు అలా రాయమంది సార్. చక్కగా ఉంటుందని" అంది టైలరమ్మ.

ఆ మాట కాగితం మీద రాసుకుని సంతకం పెట్టమన్నారు. పెట్టింది. ఇప్పుడు విచారణ మీ మీద కాదు, మొదట తన మీద. పేపర్లో గుర్తు పెట్టడం నేరమట. రుజువైతే రెండేళ్ళు పరీక్ష రాయనివ్వరు. మా ఇద్దరి ఫలితాలూ ఆపేశారు. నాదానికి నేనేమీ బాధపడటం లేదు, నిజంగా. ఉద్యోగం జాబితాలో రెండో పేరు వాళ్ళకి వెళ్ళిపోయింది. ల్యాబ్ మేడమ్ గారు తనని పిలిచి, కొత్తగా వచ్చిన ఆయనకి బ్యూరెట్లు ఎక్కడుంటాయో చూపించమన్నారు. వెళ్ళి చూపించి వచ్చింది.

విచారణ జూన్ రెండున, పదిన్నరకి, రెండో అంతస్తులో చివరి గది. మీ ఉత్తరం మీద సంతకం మీదో కాదో వాళ్ళకి తెలియదట, ఉత్తరం చెల్లదు, మనిషే రావాలి. ఆ చుక్క ఎవరిదో, ఎప్పటి నుంచి ఉందో, తనని మీరు ఒక్కసారి కూడా చూడలేదని చెప్పగలిగింది మీరొక్కరే. మీరు వస్తారని నేను తనకి మాటివ్వలేదు. ఇవ్వాలంటే భయమేసింది.

మిషన్ రేపు బస్సు మీద వేసి పంపించేస్తోంది. గదిలో ఆ చోటు ఖాళీగా ఉంటే ఎలా ఉంటుందో ఇంకా చూడలేదు.

ఈ ఉత్తరానికి మార్కులు వెయ్యకండి.

మీ ఉత్తరం చదివాక తను ఏడుస్తుందనుకున్నాను, మిమ్మల్ని తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. మొదటి నుంచీ ఇంకోసారి చదివి, మడతల మీదే మళ్ళీ మడిచి నా చేతిలో పెట్టింది. "మీ మామయ్య ఎంత పొందిగ్గా రాశారే. నేనూ ఇలాగే రాశానుగా" అంది.

మీ మేనకోడలు